ఒక తట్టువకు నామకరణము
(పుదుచ్చేరిలో మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశమునందు చేసిన ప్రసంగము)



ఈనాడు పిల్లలచేత కథలు వ్రాయించు ప్రయత్నము జరుగనున్నది. అందుకు ముందుగా పెద్దలెవరైన నాలుగు మాటలు చెప్పిన బాగుండునని కార్యదర్శిగారు తలచినారు. ఆ పని నాపై పడినది. నేను కథకుడను కాను. బి.ఏ. చదివెడి కాలమున సాహిత్యము కొంత చదివితిని. ఆ తరువాత ఇరువది యేండ్లుగా నేను వ్రాసినదంతయు ఫైళ్ళలోని నోట్సును, డ్రాఫ్టులును మాత్రమే. ఐనను లోకమున లేని ప్రాణికి పేరు పెట్టుట యెట్లు, దానికొక స్వభావము కలిగించుట యెట్లు అను విషయమున ఈ సంవత్సరము నాకు కొంత చదువు అబ్బినది. చదువు చెప్పినది తొమ్మిదేండ్ల మా అమ్మాయి. ఆ పాఠమునే మీకు అప్పగించుచున్నాను.

గత వేసవిలో నాకు బదిలీయై మేము పుదుచ్చేరికి వచ్చితిమి. బదిలీలు మీకు క్రొత్త గావు. సామాను ప్యాకు చేయుట, గ్యాసు కనెక్షను మార్చుకొనుట, పిల్లలను బడిలో చేర్చుట, ఇవి మనకు తద్దినముల వలె వచ్చి పోవుచుండును. అమ్మాయి క్రొత్త బడిలో చేరినది. దానికి తమిళము రాదు. ఇంటికి వచ్చి మాటాడక ఒక మూల కూర్చుండి బొమ్మలు వేసికొనుచుండెడిది. ఒకనాడు నేను ఆఫీసు నుండి వచ్చి చూడగా రెక్కలు గల యొక పొట్టి జంతువును గీచి రంగు లద్దుచున్నది.

"ఇది గుఱ్ఱమా?" అని అడిగితిని.

"గుర్రం కాదు నాన్నగారూ. పోనీ" అన్నది.

పోనీ అనగా మన భాషలో "సరే, విడిచిపెట్టుము" అని కదా అర్థము. చెప్పుట కిష్టము లేక అట్లన్నదేమో యని కొంతసేపు నేను ఊరకుంటిని. తరువాత తెలిసినది, అది ఇంగ్లీషు పోనీ యని. తెలుగున దీనికి తట్టువ యను చక్కని మాట కలదు. తట్టువ యనగా గుఱ్ఱపుపిల్ల కాదు. పెరిగినను పొట్టిగా నుండునదియే తట్టువ. భుజము వద్ద ఎత్తు సుమారు 147 సెంటీమీటర్లకు లోబడిన గుఱ్ఱములను ఆ జాతిగా లెక్కింతురు. మన దేశమున మణిపురమునందును, స్పితి లోయయందును, జంస్కారునందును ఇట్టివి కలవు. కాళ్ళు పొట్టి, జూలు దట్టము, ఒడలు గట్టిది, బుద్ధి చుఱుకు, మొండితనము మెండు. తలుపు గడియలు మూతితో తీయ నేర్చుకొను తట్టువలు కలవని వానిని పెంచువారు చెప్పుదురు.

"దీని పేరేమి?" అంటిని. ఇంకను పెట్టలేదన్నది. నాకు ఉత్సాహము కలిగినది. డ్రాఫ్టు ఎదుట కనబడినచో దిద్దక యుండలేని వృత్తి నాది. వెంటనే కలము తీసి, బొమ్మ క్రింద గుండ్రని యక్షరములతో "తురంగచూడామణి" అని వ్రాసి యిచ్చితిని. అమ్మాయి ఆ పేరును రెండు మాఱులు కూడబలుకుకొని, "బాగుంది నాన్నగారూ" అన్నది. పెద్దల మాట త్రోసివేయరాదని మనమే కదా నేర్పితిమి.

వారము దినముల తరువాత చూడగా ఆ బొమ్మల పుస్తకము బట్టల పెట్టెలో అడుగున నున్నది. ఏమని అడుగగా చాలసేపు చెప్పలేదు. తుదకు, "ఆ పేరు పెట్టి పిలిస్తే అది రావడం లేదు నాన్నగారూ" అన్నది.

నేను నవ్వితిని. మా యింటావిడ నవ్వలేదు. "మీరు పేరు పెట్టారు గాని, అసలు అదెవరో అడిగారా?" అన్నది. ఆ ప్రశ్నకు నా వద్ద జవాబు లేదు. పది దినములు సెలవు దొరికినప్పుడెల్ల, చిన్ననాడు చదివిన పుస్తకములలో గుఱ్ఱములకును ఇతర జంతువులకును పెద్దలు ఎట్లు పేర్లు పెట్టిరో తలచుకొనుచు కూర్చుంటిని.

మన పురాణములలో గుఱ్ఱములకు పేర్లు కొఱత లేదు. శ్రీకృష్ణుని రథమునకు శైబ్యము, సుగ్రీవము, మేఘపుష్పము, వలాహకము అని నాలుగశ్వములు. సూర్యుని రథమున కేడు. వాని పేర్లు గాయత్రి, బృహతి మొదలుగాగల యేడు ఛందస్సుల పేర్లు. ఎంత సొగసైన ఊహ! కాని ఆ యేడింటిలో గాయత్రి యెట్టిది, బృహతి యెట్టిది, ఏది ముందుకు లాగును, ఏది అలిగి నిలుచును అని యడిగిన ఎవరును చెప్పజాలరు. ఉచ్చైశ్శ్రవము సంగతి చూడుడు. పెద్ద చెవులు కలదనియో, ఎలుగెత్తి సకిలించునదనియో చెప్పదగిన ఘనమైన పేరు. పాలసముద్రము చిలుకగా పుట్టినది. ఆదిపర్వమున కద్రువయు వినతయు దాని తోక నలుపా తెలుపా యని పందెము వేసికొందురు. పాములు పోయి తోకకు వ్రేలాడును. వినత దాసి యగును. ఇంత కథ జరిగినను ఆ గుఱ్ఱము మాత్రము ఏమియు చేయదు, ఏమియు కోరదు. కథ యంతయు దాని తోకది! నా తురంగచూడామణి ఆ వంశమునకు చెందినది. పేరు పొగడ్తగా నున్నది. పొగడ్త యైన పేరు గల ప్రాణికి ఇక చేయవలసిన పని యేమియు మిగులదు.

దీనికి వ్యతిరేకముగా పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రికను తలచుకొనుడు. 1853లో వెలువడిన ఆ గ్రంథమును మన తరము వారు బడిలో కొంచెమో గొప్పయో చదివియే యుందురు. అందు కాకికి లఘుపతనకుడని పేరు; తేలికగా ఎగురునది. పావురమునకు చిత్రగ్రీవుడు; చిత్రమైన మెడ కలది. నక్కకు దమనకుడు, ఎదుటివానిని అణచునది. ఎలుకకు హిరణ్యకుడు, అనగా బంగారము. అది సొత్తు కూడబెట్టి పోగొట్టుకొన్న ఎలుక. అడవిలో కాలు విఱిగి విడువబడియు బ్రదికి బట్టకట్టిన యెద్దునకు సంజీవకుడు. ఇవన్నియు సంస్కృతపు పేర్లే. కనుక నా తప్పు సంస్కృతమున లేదు. ఆ పేళ్ళు ఒక్కొక్కటి ఆ జంతువు యొక్క మేనిగుఱుతునో, పనినో, పడిన పాటునో పట్టుకొని పుట్టినవి. నేను ఆ తట్టువను చూడకయే పేరు పెట్టితిని.

ఇతర దేశముల సంగతియు ఇట్టిదే. స్పెయిను దేశపు సెర్వాంటిసు 1605లో ప్రకటించిన గ్రంథమున డాన్ క్విక్సోట్ అను పిచ్చి వీరుడు తన బక్కగుఱ్ఱమునకు పేరు వెదకుటకు నాలుగు దినములు ఆలోచించును. తుదకు "రోసినాంటె" అని పెట్టును. ఒకప్పుడు బండలాగుడు గుఱ్ఱము, ఇపుడు గుఱ్ఱములలో ముందుది, అని రెండర్థములు ఆ యొక్క పేరునందే ఇమిడియున్నవి. ఆ బక్కగుఱ్ఱమును చూచి లోకము నవ్వును, యజమానుడు మాత్రము పొగడును. ఆ రెంటి నడుమ నున్న దూరమే దాని బ్రదుకు. నాలుగు దినములు! నేను నాలుగు నిమిషములు తీసికొనలేదు. ఇంగ్లండులో అన్నా సెవెల్ అను నామె 1877లో ఒక గుఱ్ఱము తన కథ తానే చెప్పుకొన్నట్లు "బ్లాక్ బ్యూటీ" అను పుస్తకము వ్రాసినది. అందు యజమానుడు మాఱినప్పుడెల్ల దాని పేరు మాఱును. ఒక యింట ఒక ముద్దుపేరు, మఱొక చోట మఱొక పేరు, కిరాయిబండి తోలువాని వద్ద జాక్. గుఱ్ఱము మాత్రము ఒక్కటియే. బదిలీల ఉద్యోగులమైన మనకు ఈ కథ ప్రత్యేకముగా తెలియును. క్రొత్త యూరిలో మన పేళ్ళను ఎవరెవరు ఎట్లెట్లు పలుకుదురో మీరెఱుగుదురు.

ఒక్క క్రియచేత స్వభావమంతయు తెలిసిన గుఱ్ఱము కంథకము. సిద్ధార్థుని అర్ధరాత్రి నగరము దాటించి, అతడు తన్ను విడిచి వెళ్ళగా దుఃఖమున ప్రాణము విడిచినదని బౌద్ధులు చెప్పుదురు. ఇక మన కీలుగుఱ్ఱమున్నది. 1949లో మీర్జాపురము రాజాగారి దర్శకత్వమున, అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి నటించిన చలనచిత్రమును మా నాయనగారి తరము వారు విరగబడి చూచిరి. కీలు త్రిప్పిన ఎగురును, త్రిప్పిన దిగును. అందులో వింత యున్నది గాని, త్రిప్పినను ఎగురను పొమ్మను నిక్కు లేదు. ఆ నిక్కు లేని చోట మనము చూచునది వాహనమే గాని పాత్ర కాదు.

నిక్కు గల గుఱ్ఱమును చూపింతమని ఒక ఆదివారము అమ్మాయిని తీసికొని జింజీ వెళ్ళితిమి. ఇక్కడికి తిండివనము మీదుగా సుమారు 70 కిలోమీటర్లు. రాజగిరి, కృష్ణగిరి, చంద్రగిరి అను మూడు కొండలను కలుపుచు గోడ సాగును. 2025లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వముగా గుర్తించిన మరాఠా సైనిక దుర్గములలో తమిళనాట నున్నది ఇదొక్కటియే. 1750లో బుస్సీ దీనిని ఫ్రెంచివారికి గెలిచి పెట్టినాడు. ఏడేండ్ల తరువాత మన బొబ్బిలి మీదికి వచ్చిన బుస్సీయే. అది వేఱు కథ, నేడు వలదు.

జింజీని ఏలిన తేజసింగు బుందేలా రాజపుత్రుడు. ఈ ప్రాంతమున దేసింగు రాజని పాడుకొందురు. ఆర్కాటు నవాబు సాదతుల్లాఖానుతో 1714లో పోరి మరణించినాడు. అప్పటి కతనికి ఇరువది రెండేండ్లని చెప్పుదురు. చరిత్ర ఇంతియే. కాని కథాగాయకులు ఆ చరిత్రలో రెండు గుఱ్ఱములను నిలిపినారు. ఒకటి పారాసారి. ఢిల్లీలో ఎవరిని ఎక్కనీయక, ఎక్కినవారిని పడద్రోసి, దేసింగు తండ్రినే చెఱపాలు చేసిన గుఱ్ఱమది. దానిని పసివాడైన దేసింగు లొంగదీసినాడట. రెండవది నీలవేణి, అతని ప్రాణమిత్రుడు మహబత్ ఖానుది. రాజపుత్రునకును ముసల్మానునకును గల స్నేహమును చెప్పుచు ఆ రెండు గుఱ్ఱములను ప్రక్కప్రక్కనే పరుగెత్తించిరి కవులు. 1960లో ఎం. జి. రామచంద్రన్ నటించిన తమిళ చిత్రముగా కూడ ఈ కథ వచ్చినది. రాజుల పేళ్ళు, తారీఖులు మఱచిన పల్లెవారికి ఈ గుఱ్ఱముల పేళ్ళు గుఱుతున్నవి. పారాసారి ఒకరికి లొంగదు, ఒక్కనికే లొంగును. ఇంతకంటె దాని స్వభావమును గూర్చి చెప్పవలసినది లేదు.

క్రింది కోటలోని గుఱ్ఱపుసాలల వద్ద కూర్చుండి ఈ కథ అమ్మాయికి చెప్పితిని. అంతయు విని, "దానికి దేనికీ భయం లేదా?" అన్నది.

"లేదు. వీరుల గుఱ్ఱము గదా."

"మా పోనీకి ఉంది" అన్నది.

అప్పటికి నాకు బుద్ధి వచ్చినది. తిరుగు ప్రయాణమున కారులో నేను పేరు మాట ఎత్తలేదు. దర్యాప్తు మాత్రము చేసితిని. ఏమి తినును? మరమరాలు, పల్లీలు ఏరి ముందుగా తినును. ఎవరిపై కోపము? గొడుగులపై. ఏమి చేయగలదు? గేటు గడియ తీయగలదు. తీసినదానిని మఱల వేయదు. అబద్ధమాడునా? ఆడును, జింజీ కొండపై నుండి ఎగిరి వచ్చితినని చెప్పుకొనును, నిజమునకు మెట్లు దిగి వచ్చినది. రంగు తెలుపునకును బూడిదకును నడుమ. ఇంతవరకు నవ్వుచునే చెప్పినది. పిమ్మట, ఎచట నుండునంటిని. మన బీచి రోడ్డులో, గాంధి విగ్రహమునకు అవతల నల్లరాళ్ళ వద్ద. సాయంకాలము ఆఱు గంటల తరువాత ఆ రోడ్డుపై వాహనములను రానీయరు గదా, అప్పుడు వచ్చునట.

"మఱి భయము దేనిని చూచి?"

"అలల్ని చూసి. అవి ఆగకుండా మాట్లాడుతూనే ఉంటాయి. దానికి ఒక్కటీ అర్థం కాదు. అందుకని."

అప్పుడు నాకేమియు తోచలేదు. తలయూపి కిటికీలోనుండి చూచుచు కూర్చుంటిని. రాత్రి భోజనమైన తరువాత, అమ్మాయి నిద్రించిన పిమ్మట, మా యింటావిడ ఎదురుగా కూర్చుండి, "బడి సంగతి అన్నమాట" అన్నది. రెండు నెలలుగా ఆ పిల్ల మాతో చెప్పలేనిదానిని తట్టువచేత చెప్పించినది. రెండు నెలలుగా నేను ఆ తట్టువకు బిరుదు లేమిచ్చుదమా యని చూచుచుంటిని.

పెద్దలారా, ఇచట ఒక మాట మనవి చేయవలెను. పిల్లలు కల్పించు ప్రాణికి మొట్టమొదట కావలసినది పేరు కాదు. దానికొక కొఱతయో, వెఱపో, తీరని కోరికయో కావలెను. అది దొరికినచో పేరు వెదకుకొనుచు వచ్చును. దొరకనిచో ఎంత గొప్ప పేరైనను ఖాళీ కుర్చీకి తగిలించిన హోదా బల్ల వంటిది. కాని ఆ వెఱపును తెలిసికొన్నపుడు, "ఇది నీ సంగతియే గదా?" అని పిల్లను నిలదీయరాదు. నిలదీసిన తట్టువ మఱల పెట్టెలోనికి పోవును. మేమును అడుగలేదు. మఱునాడు నేను తట్టువను గూర్చియే అడిగితిని: అలలకు భయపడునది ప్రతి సాయంకాలము అక్కడికే యేల పోవును?

"వాటితో మాట్లాడాలని."

"ఏమని?"

చాలసేపు ఆలోచించి, "ఊరికే. ముందు పేరు చెప్పాలి కదా" అన్నది. చెప్పి, తన తట్టువకు చెప్పుకొనుటకు పేరు లేదని తనకే తోచి నా వంక చూచినది. అప్పుడు కలము నా జేబులోనే యున్నది. తీయలేదు.

మూడవనాడు పేరు వచ్చినది. నురుగు. అలలు వచ్చి పోయిన తరువాత రాళ్ళపై మిగులునది. "అలలు ఇచ్చిన పేరైతే వాటికి తెలుస్తుంది కదా, నాన్నగారూ."

నిజము చెప్పవలసినచో ఆ పేరు నాకు నచ్చలేదు. నురుగు నిలుచునది కాదు. మన కవులు బ్రదుకు అస్థిరమని చెప్పవలసి వచ్చినపుడెల్ల నురుగును, నీటిబుడగను చూపింతురు. శుభమైన మాట కాదని నోటి చివరకు వచ్చినది. ఇంటావిడ నా వంక చూచినది. నేను కాఫీ త్రాగితిని. తరువాత ఆలోచింపగా ఆ పేరునకు రెండు గుణములు కనబడినవి. మొదటిది, పిలుచుటకు వీలైనది. "నురుగూ!" అని చివర యెంత దూరమైన సాగదీయవచ్చును. అచ్చు చివర నుండుట తెలుగునకు పుట్టుకతో వచ్చిన సొత్తు. మీరు పేరు పెట్టిన తరువాత డాబా యెక్కి ఒకమాఱు కేకవేసి చూడుడు. "తురంగచూడామణీ" యని కేకవేసి చూడుడు. పొరుగువారు వచ్చెదరు, తట్టువ రాదు. రెండవది, ఆ పేరునందే దాని నడత యున్నది. తాకబోయిన కరగును, కనుక నురుగు అనునది ఎవరైన ముట్టబోయిన వెనుకకు జరుగు తట్టువ. అది ఎవరికి కరగక నిలుచును? ఈ ప్రశ్న నుండి కథలు పుట్టవచ్చును.

పేరు వచ్చిన పిమ్మట స్వభావము పెరిగిన తీరు చిత్రముగా నున్నది. నేను వ్రాయసకాడను మాత్రమైతిని. గుఱ్ఱములను గూర్చి నిజము తెలిసికొన్నకొలది కల్పనకు బలము చేకూరినది. గుఱ్ఱమునకు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండును గనుక చుట్టును దాదాపు అంతయు కనబడును గాని, సరిగా నుదుటి ముందున్నదియు, తోక వెనుక నున్నదియు కనబడవు. ఇది చెప్పగానే అమ్మాయి, "అయితే నురుగు పక్కకి తిరిగి నిలబడి సముద్రాన్ని చూస్తుంది" అన్నది. భయపడువారెల్లరు అట్లే కదా చూచుట! గుఱ్ఱపు మనస్సు చెవులలో తెలియును. కోపము వచ్చిన వెనుకకు అణగును, వినవలెనన్న అటు తిరుగును. అది మొదలు బొమ్మలలో నురుగు మొగము ఏడ్చుటయు నవ్వుటయు మానినది. చెవులు మాత్రమే తిరుగుచున్నవి. బొమ్మలు బాగుపడినవి.

తొడపై గుఱుతు విషయమున మాత్రము మా కిరువురకు వాదము జరిగినది. అమెరికాలో హాస్బ్రో అను బొమ్మల కంపెనీ వారు 1983 నుండి "మై లిటిల్ పోనీ" అను రంగురంగుల తట్టువలను అమ్ముచున్నారు. బానీ జాకర్లీ అను చిత్రకారిణి ఊహించినవి. 2010లో లారెన్ ఫాస్ట్ అను నామె వానిని క్రొత్తగా తీర్చి టెలివిజను కథలు చేసినది. మీ యిండ్లలో పిల్లలు చూచియే యుందురు. ఆ కథలలో ప్రతి తట్టువకు తొడపై ఒక గుఱుతుండును. అది పుట్టుకతో రాదు. తనకు స్వభావసిద్ధమైన విద్య యేదో తాను కనుగొన్ననాడు కనబడును. మన పెద్దల లెక్క వేఱు. మనుమంచి భట్టు తెలుగున హయలక్షణ విలాసమని ఒక అశ్వశాస్త్రమే రచించెను. గుఱ్ఱపు రంగును, మచ్చను, రోమముల సుడిని చూచి అది యజమానునకు మేలు చేయునో కీడు చేయునో నిర్ణయించుట ఆ శాస్త్రపు పద్ధతి. నాలుగు కాళ్ళును మొగమును తెల్లగా నున్న పంచకల్యాణి నేటికిని మన జానపద కథలలో శుభమే. మనది పుట్టుకతో వచ్చిన వ్రాత, వారిది సంపాదించుకొన్న ముద్ర. నేను నురుగు నుదుట ఒక మంచి సుడి పెట్టుమంటిని. అమ్మాయి తొడపై ఖాళీ విడువవలెనన్నది. చివరకు రెండును చేసినది: నుదుట సుడి యున్నది, తొడ ఖాళీగా నున్నది. ఆ సుడి మంచిదా చెడ్డదా యని అడిగితిని. "ఎవరికీ తెలియదు" అన్నది. మనుమంచి భట్టుగారు ఒప్పుకొనరేమో. నాకు మాత్రము ఆ యేర్పాటు నచ్చినది.

నా వంతుగా నేనిచ్చినది ఒక్కటియే, నడక. ఈ పుదుచ్చేరిలో డూప్లే దొరగారి దుబాసీయైన ఆనందరంగ పిళ్ళైగారు దినచర్య వ్రాసికొన్న సంగతి అందఱెఱుగుదురు. ఆయన పేర తెలుగున ఒక ఛందోగ్రంథమున్నదని తక్కువమంది యెఱుగుదురు. కస్తూరి రంగకవి రచించిన ఆనందరంగరాట్ఛందము అది. రంగపిళ్ళై వీధిలో నడచునపుడెల్ల నాకది స్ఫురించును. సూర్యుని గుఱ్ఱములకు ఛందస్సుల పేళ్ళు పెట్టిరని ముందు చెప్పితిని గదా. మన లాక్షణికులు దానిని తిరుగవేసి, ఛందస్సునకు గుఱ్ఱపు నడకల పేళ్ళు పెట్టినారు. రగడలలో హయప్రచారమని ఒకటి, తురగవల్గనమని ఒకటి. రెండును మూడు మాత్రల అడుగులే. "తకిట తకిట" యని చప్పట్లు కొట్టి చూడుడు. హయప్రచారమున పాదమునకు నాలుగడుగులు, తురగవల్గనమున ఎనిమిది. ఇది చెప్పగా అమ్మాయి హాలంతయు తిరిగి త్రొక్కి చూచినది. నిర్ణయమేమనగా, నురుగు భయపడిన దినమున నాలుగడుగులు వేసి ఆగును. ధైర్యముగా నున్న దినమున ఎనిమిది వేసి ఆగును. అంతకు మించి ఒక్కపట్టున నడువదు. గణ విభజన నా కాలేజీ రోజులలో నాకు పట్టుబడలేదు. గిట్టల వలన ఇప్పుడు పట్టుబడినది.

బాలబాలికలారా, ఇప్పుడు మీరు కాగితములు తీసి మీ మీ ప్రాణులను కల్పింపబోవుచున్నారు. తట్టువయే కానక్కరలేదు. ఇక్కడి పల్లెల పొలిమేరలలో అయ్యనారు గుడుల ముందు మట్టిగుఱ్ఱములు నిలిచియుండుట చూచియుందురు. రాత్రివేళ స్వామి వానిపై నెక్కి ఊరిని కాయునని పెద్దలు చెప్పుదురు. రాత్రి అంతయు తిరిగి పగలు కదలక నిలుచుండు గుఱ్ఱమునకు ఒక్కనాడు నిద్ర వచ్చినచో ఏమగును? ఇట్టి ప్రశ్న నొకటి వేసికొనుడు. పేరు స్థలము ఖాళీగా విడువుడు. మీ తండ్రులెవరైన కలము తీసినచో నా సంగతి చెప్పుడు.

మా నురుగు సంగతి కొంచెము మిగిలినది. ఒక నెల క్రిందట అమ్మాయి ఆ పుస్తకమును బడికి తీసికొనిపోయినది. ప్రక్క బెంచీ పిల్ల చూచి పేరడిగినదట. తెలుగున చెప్పి, అర్థము చెప్పలేక, నీటిసీసాను గట్టిగా ఊపి లోపల లేచిన తెల్లని బుడగలను చూపినదట. "ఓ, నురై!" అన్నదట ఆ పిల్ల. నురుగును తమిళమున నురై యనియే అందురు. నాటి నుండి ఆ బడిలో దాని పేరు నురై. ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పుచు అమ్మాయి రెండు పేళ్ళను మార్చి మార్చి పలుకుచుండెను. రెండు భాషలలోని ఆ మాటల చుట్టరికమును గూర్చి నాలుగు మాటలు చెప్పుదమని నోరు తెఱచితిని. పుస్తకము నా చేతిలో పెట్టినది. క్రొత్త బొమ్మలో నల్లరాళ్ళపై రెండు తట్టువలున్నవి. రెండవదానిని ఆ పిల్ల గీచినదట. దానికి రెక్కలు లేవు, గొడుగు మాత్రమున్నది.

"నురుగునకు గొడుగులు గిట్టవు గదా?" అంటిని.

"అదే గొడవ" అన్నది.

"మఱి నీళ్ళలో కాలు పెట్టినదా?"

"ఇంకా లేదు. రేపు చూడాలి" అని పుస్తకము తీసికొని లోపలికి వెళ్ళినది.